ప్రైవేటు భాగస్వామ్యంలో హైవే పని: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేయాలి

సమస్య: మిషన్లు దిగాయి, కానీ రోడ్డు ముక్కలు ముక్కలుగానే కనిపిస్తోంది.

కారణం దాదాపు ఎప్పుడూ భూమే. ఎనభై శాతం భూమి చేతికొచ్చిందని పని మొదలుపెడతారు. మిగిలిన ఇరవై శాతం ఒక్కచోట ఉండదు. సరిగ్గా వంతెన పడే దగ్గర, ఊరి జంక్షన్ దగ్గర ఉంటుంది. మన వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఇంకో చిక్కు సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు. పాస్‌బుక్కు ఒకరి పేరున, సాగు ఇంకొకరిది. పరిహారం పట్టాదారుకు పోతే, దున్నుకుంటున్న రైతు మిషన్‌కు అడ్డం పడతాడు. అతని మీద కోపం తెచ్చుకోవద్దు, పోయేది అతని బతుకు.

కాంట్రాక్టు తీసుకున్నవారు అపాయింటెడ్ డేట్ (ఒప్పందం ప్రకారం పని గడువు లెక్క మొదలయ్యే తేదీ) ఒప్పుకోకముందే సర్వే నంబర్ల పటం పట్టుకుని మొత్తం దూరం నడవండి. దొరకని ముక్కల జాబితాపై కాంట్రాక్టరు, రహదారి సంస్థ ఇద్దరూ సంతకం చేయాలి. గడువు పొడిగింపు అడిగే రోజు ఆ కాగితమే ఆధారం. పరిహారం ఎవరికెంత అన్న తగువుంటే, 1956 జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3హెచ్ కింద సొమ్ము జమచేసి సివిల్ కోర్టుకు పంపవచ్చు.

సమస్య: వానకు రోడ్డు కట్ట కోసుకుపోయింది, పక్క ఊరు మునిగింది.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అయినా నేరమంతా వానదే కాదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని అలుగు నీళ్లు కింది చెరువులోకి పోవాలి. ఆ దారికి అడ్డంగా రోడ్డు కట్ట పోసి చిన్న కల్వర్టు పెడితే నీళ్లు ఎటు పోతాయి? డిజైన్ బాధ్యత కాంట్రాక్టు తీసుకున్నవారిదైతే, డిజైన్ తప్పును ప్రకృతి వైపరీత్యం పద్దులో వేయడం కుదరదు.

డ్రాయింగ్ ఖరారయ్యేలోపు ఊళ్లో పెద్దమనుషులను, నీరటికాడిని (చెరువు నీళ్లు చూసుకునే మనిషిని) అడిగి వరద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో రాసిపెట్టుకోండి. ఒప్పందంలో లేని కల్వర్టు కావాల్సి వస్తే ముందు రాతపూర్వక అనుమతి, తర్వాతే కాంక్రీటు.

సమస్య: టోల్ వసూలు అంచనా అందుకోవడం లేదు.

హైబ్రిడ్ యాన్యుటీ పనుల్లో, అంటే ప్రభుత్వమే కాంట్రాక్టరుకు వాయిదాల్లో డబ్బు చెల్లించే పద్ధతిలో, ఈ బెడద కాంట్రాక్టరుకు లేదు. కాంట్రాక్టరే టోల్ వసూలు చేసుకునే పద్ధతిలోనే టెన్షన్. బొగ్గు, గ్రానైట్ లారీలను కార్లతో కలిపి లెక్కేస్తే అంచనా తప్పుతుంది, విడిగా లెక్కించండి. ట్రాఫిక్ బాగా తగ్గితే టోల్ వసూలు చేసుకునే గడువు పెంచే వీలు ఒప్పందంలో ఉంటుంది. కానీ వచ్చేది గడువే, డబ్బు కాదు. బ్యాంకు వాయిదా అప్పటిదాకా ఆగదు కాబట్టి అప్పు తీర్చే కాలాన్ని మొదటే పొడవుగా అడగాలి.