పాత సర్వే రాయి దొరికితే ఎలా గుర్తించాలి, ఏం రాసుకోవాలి

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో హద్దు రాయి నిటారుగా ఉండడం అరుదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల దాన్ని వంచేస్తుంది. అందుకే వంగిన రాయికి కొలత తల దగ్గర పట్టకూడదు. చుట్టూ మట్టి తీసి మొదలు మధ్య నుంచి పట్టాలి. తల నుంచి పడితే జానెడు తేడా ఇట్టే వస్తుంది, తగాదా అక్కడే మొదలవుతుంది.

ముందు ఎఫ్‌.ఎం.బి. (పొలం హద్దుల కొలతలు చూపే సర్వే పటం) నకలు చేతిలో ఉండాలి. పాత పటంలో కొలతలు లింకుల్లో ఉంటాయి: 100 లింకులు అంటే 66 అడుగులు, 20.12 మీటర్లు. నికరమైన రెండు రాళ్ల నుంచి టేపు లాగి, రెండు కొలతలూ కలిసిన చోట తవ్వండి. గడ్డపారతో పొడవకండి, రాయి కదిలిపోతుంది. తాపీతో పైపొరలు తీస్తూ దిగండి.

రాయి కనబడగానే హద్దు రాయే అనుకోవద్దు. చెక్కిన గుర్తు ఉందా, అడుగు మట్టి గట్టిగా ఉందా, వదులుగా ఉందా చూడండి. వదులు మట్టి, కొత్త సిమెంటు ఉంటే తర్వాత ఎవరో పాతి ఉండొచ్చు.

రాసుకునేటప్పుడు “రాయి ఉంది” అంటే చాలదు. ఇలా రాయండి: “గ్రానైటు, తల 15 × 15 సెం.మీ., నేలపై 20 సెం.మీ., తూర్పుకు వంగింది, తలపై చెక్కిన గుర్తు, బోరు దిమ్మె నుంచి 8.40 మీ.” కనీసం మూడు స్థిరమైన వస్తువుల నుంచి దూరాలు తీసుకోండి. తాటిచెట్టు పనికొస్తుంది, కంచె స్తంభం పనికిరాదు.

పటానికి, రాయికి పొసగకపోతే రాయిని జరపకండి. రెండు కొలతలూ రాసి, ఎఫ్‌-లైన్ దరఖాస్తు (హద్దులు కొలిచి చూపమని అడిగేది) పెట్టి మండల సర్వేయరుతో కొలిపించండి.