బోగీ నంబరు చూసి రంగు వేయండి

మోడల్ రైళ్లు కట్టే మన తిరుపతి, చిత్తూరు మిత్రులకు ఒక మాట. పాకాల జంక్షన్‌నో, పాత తిరుపతి స్టేషన్‌నో బల్ల మీద నిలబెట్టాలనుకుంటే ముందు ఒక ఏడాది ఖాయం చేసుకోండి. రంగు, అక్షరాలు, బ్రేకు గొట్టాలు అన్నీ దాన్నిబట్టే మారతాయి.

నాకు బాగా నమ్మకమైన ఆధారం బోగీ నంబరే. ఐదారంకెల నంబరులో మొదటి రెండూ తయారైన సంవత్సరం. 92తో మొదలైతే అది 1992 బోగీ. 1985 నాటి స్టేషన్‌లో దాన్ని నిలబెడితే తెలిసినవాళ్ల కంటికి ఇట్టే దొరికిపోతుంది. బోగీ మీద రాసిన రైల్వే జోన్ అక్షరాలూ చూడండి: తిరుపతి, పాకాల ఉన్న గుంతకల్లు డివిజన్ 1977లోనే దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకి మారింది.

కొలతలకు రైల్వే డయాగ్రమ్ షీట్లే, అంటే బోగీ కొలతలు వేసిన బొమ్మల కాగితాలే దిక్కు. ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) బోగీ పొడవు 21.337 మీటర్లు, 1:87 స్కేల్‌లో, అంటే అసలులో 87వ వంతుకు, 245 మిల్లీమీటర్లు. మన పాత మీటర్ గేజ్ లైనుకు అదే స్కేల్‌లో 12 మిల్లీమీటర్ల ట్రాక్ దాదాపు సరిపోతుంది. బ్రాడ్ గేజ్‌కి మాత్రం 19.3 కావాలి, మామూలుగా దొరికే 16.5 ట్రాక్ ఇరుకే.

అయితే డయాగ్రమ్ చెప్పేది బోగీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు రూపం. తర్వాత వర్క్‌షాప్‌లో కిటికీలో, సీట్లో మార్చి ఉండొచ్చు. అందుకని మీరు ఎంచుకున్న కాలం ఫోటో ఒకటి పక్కన పెట్టుకోండి. ఫోటో ఎప్పటిదో తెలియకపోతే బోగీ చివరి గోడ మీద రాసిన పీఓహెచ్ (వర్క్‌షాప్‌లో నిర్ణీత కాలానికి చేసే పూర్తి మరమ్మతు) తేదీని పెద్దది చేసి చూడండి, ఫోటో అంతకు ముందుది కాదని తేలుతుంది.