పొడుల పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోతే ఏం చేయాలి

కందిపొడి, నెల్లూరు కారం, సున్నిపిండి కట్టి అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాక, ట్రాకింగ్‌లో కస్టమ్స్ దగ్గర ఆగిందని కనిపించగానే టెన్షన్ పడి ట్రంక్ రోడ్డులో కొరియర్ ఏజెంటు చుట్టూ తిరగడం మొదలుపెడతాం. పార్సిల్ దేశం దాటాక ఆయన చేయగలిగింది చాలా తక్కువ. ముందు ఏ దేశంలో ఆగిందో చూడండి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఆగితే ఆధార్ కాపీ, సరిచేసిన ఇన్వాయిస్ ఇవ్వాల్సింది మీరే. అమెరికాలో ఆగితే మాత్రం మీ అబ్బాయో కోడలో అక్కడి కొరియర్ వాళ్ల క్లియరెన్స్ విభాగానికి ఫోన్ చేసి, ఆపింది కస్టమ్సా, ఎఫ్‌డీఏనా (తిండి, మందుల భద్రత చూసే అమెరికా సంస్థ), వ్యవసాయ శాఖా, ఏ కాగితం కావాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి అని అడగాలి. ఎఫ్‌డీఏ నోటీసు వస్తే అందులో జవాబుకి గడువు తేదీ ఉంటుంది, దాన్ని దాటనివ్వొద్దు. సరుకుని తిరస్కరిస్తే 90 రోజుల్లో వెనక్కి పంపాలి, లేదా ధ్వంసం చేయాలి.

వాళ్లు అడిగేది చాలాసార్లు ఒక్కటే, ఈ పొడి ఏంటి అని. స్కానర్‌లో మన కారప్పొడికీ ఇంకో పొడికీ తేడా తెలియదు, పైన పేరు లేకపోతే విప్పి చూసే మనిషికి కూడా తెలియదు. దానికి తోడు పసుపులో సీసం కలుస్తోందన్న అనుమానం ఉంది, 2024 ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్, సింగపూర్ మన దేశపు మసాలా పొడులు కొన్నిటిని ఎథిలీన్ ఆక్సైడ్ అనే హానికర రసాయనం ఉందని ఆపేశాయి. అందుకే జవాబు ఒక పేజీలో, ఇంగ్లీషులో, సూటిగా రాసి పంపండి: కందిపొడి, 500 గ్రాములు, వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు, ఇంట్లో చేసింది, మా అబ్బాయికి కానుక, అమ్మకానికి కాదు. ప్రతి పొట్లానికీ ఇలాగే రాయండి. సున్నిపిండి తినేది కాదు, ఒంటికి రాసుకునేది అని విడిగా చెప్పండి. ఇన్వాయిస్‌లో ఉన్న బరువులే ఇందులోనూ ఉండాలి. ఏజెంటు పని తేలికవుతుందని 'బట్టలు' అని రాస్తానంటే 'వద్దన్నా, ఉన్నదే రాయి' అని గట్టిగా చెప్పండి, పొడి ఆగడం కంటే ఆ అబద్ధం బయటపడటమే పెద్ద తంటా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో స్వయంగా చేసి, చేసినవాళ్లే సొంత మనిషికి కానుకగా పంపే తిండికి ఎఫ్‌డీఏకి ముందస్తు నోటీసు, అంటే సరుకు వస్తోందని ముందే తెలపడం, అక్కర్లేదు. స్వగృహ షాపులో కొన్న పొడి అలా కాదు, దానికి ఆ నోటీసు నంబరు అడుగుతారు. రెండూ ఒకే పెట్టెలో కలిపితే ఒకదాని వల్ల రెండోదీ ఆగుతుంది, అందుకే విడివిడిగా పంపడం మంచిదని నా అభిప్రాయం. సుంకం విషయానికొస్తే, 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. 100 డాలర్ల లోపు కానుకలకి మాత్రం మినహాయింపు ఉంచారు, కాబట్టి విలువ నిజాయితీగా రాసి, కానుక అని స్పష్టంగా పెట్టండి.

కొన్నిటికి ఎన్ని కాగితాలిచ్చినా లాభం లేదు. గసగసాలు కలిసిన మసాలా దుబాయికి, సింగపూర్‌కి అస్సలు వద్దు, అక్కడ అవి నిషేధం, పట్టుకుంటే పోయేది పార్సిల్ ఒక్కటే కాదు. పచ్చి కరివేపాకుని అమెరికాలోకి రానివ్వరు, నేనైతే కరివేపాకు పొడి కూడా పంపను. పేరు లేని నాటు మందుల చూర్ణాలు మానుకోండి.

పార్సిల్ ఆగిన రోజుల్లోనే, లేదా అసలు మీరు ఏమీ పంపకపోయినా, 'మీ పెట్టెలో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లోకి రండి' అని ఫోన్ రావొచ్చు. పెద్దవాళ్లు భయపడిపోయి డబ్బు వేసేస్తున్నారు. కస్టమ్స్ వాళ్లు వీడియో కాల్‌లో అరెస్టు చేయరు, ఎవరి ఖాతాలోకో డబ్బు వేయమనరు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

వెనక్కి తెప్పించుకోవాలనుకుంటే ముందు ఖర్చు అడగండి. పొడుల విలువ కంటే అదే ఎక్కువైతే వదులుకోవడం మేలు, కానీ వదులుకుంటున్నామని కొరియర్ వాళ్లకి మెయిల్‌లో రాసి, ఇక ఏ చార్జీలూ పడవని జవాబు తెప్పించుకోండి. ఈసారికి ఎవరైనా ఊరి నుంచి వెళ్తుంటే వాళ్లతో పంపించండి, కానీ పొడులు చెక్‌ఇన్ సూట్‌కేసులోనే పెట్టమనండి. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడుల్ని చేతిసంచిలో ఉంటే అదనంగా తనిఖీ చేస్తారు, తేలకపోతే అక్కడే తీసేస్తారు. పేరు చీటీలు సూట్‌కేసులోని పొట్లాలకీ అంటించండి, దిగాక కస్టమ్స్‌లో తిండి పదార్థాలు ఉన్నాయని చెప్పమనండి.