నొప్పి మాత్రలు: పేర్లు రెండు, మందు ఒకటే

ఈ మధ్య మాకు తెలిసిన పెద్దాయన ఒకరు రక్తపు వాంతులతో ఎమర్జెన్సీలో చేరారు. మోకాళ్లకు డైక్లోఫెనాక్ వాడుతున్నారు. మధ్యలో నడుం పట్టేసిందని ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఎసిక్లోఫెనాక్ రాశారు. మొదటి మాత్ర సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. గుండెకని రోజూ వేసుకునే ఆస్పిరిన్ ఎలాగూ ఉంది. పెద్దాయన లెక్కలో అవి మూడు బాధలకు మూడు మందులు. కడుపు లెక్కలో మూడూ ఒకటే.

ఖాళీ కడుపుతో వేసుకోవద్దు, ఎక్కువ రోజులు వాడొద్దు అని అందరికీ తెలుసు. నేను చూసినంతలో మనుషుల్ని ఆసుపత్రి పాలు చేసేది మాత్రం ఈ తప్పే: ఒకే జాతి మందును రెండు పేర్లతో మింగడం.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, పైరాక్సికామ్, కీటోరోలాక్, మెఫనామిక్ యాసిడ్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్. ఇవన్నీ ఎన్‌సెయిడ్స్ (స్టెరాయిడ్ కాని నొప్పి, వాపు మందులు) అనే ఒకే కుటుంబం. ఎసిక్లోఫెనాక్‌లో కొంత భాగమైతే ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. వీటిలో ఏ రెండింటినీ కలపకండి. ఒక మోతాదు దాటాక నొప్పి అంతకంటే తగ్గదు. కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ తగిలే ముప్పు మాత్రం పెరుగుతూ పోతాయి. పారాసిటమాల్ ఈ కుటుంబంలోది కాదు. కానీ చాలా నొప్పి మాత్రల్లో అది ముందే కలిసి ఉంటుంది కాబట్టి, జ్వరానికి విడిగా వేసుకునేవాళ్లు ఆ లెక్కా చూసుకోవాలి.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది అదే. కళ్లు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. పేరున్న ముక్క కత్తిరించేసిన స్ట్రిప్ చేతికిస్తే తీసుకోకండి.

ఈ మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుంటాయి. వాపు, నొప్పి పుట్టించేవి అవే. కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా అవే. అందుకే ఇంజెక్షన్ అయితే కడుపుకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. సూదిలోంచి వెళ్లినా రక్తంలో చేరి చేసే పని అదే. పొద్దున ఇంజెక్షన్, సాయంత్రం మాత్ర అంటే అక్కడా రెండు పేర్ల కథే. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా అనే ధైర్యమూ సగమే: పాంటోప్రజోల్ లాంటివి కడుపును కొంత కాపాడతాయి, కిడ్నీని కాపాడలేవు, గుండెనూ కాపాడలేవు.

కిడ్నీ దెబ్బతింటున్నా చాలాసార్లు నొప్పి ఉండదు, రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగాకే తెలుస్తుంది. బీపీకి రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి వాడుతూ, దానితో పాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడేవాళ్లకు మూడోదిగా ఈ నొప్పి మాత్ర చేరితే మరీ ప్రమాదం. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బతో ఒంట్లో నీరు తగ్గిన రోజున ఇంకా ఎక్కువ.

గుండె విషయం: ఇదే కుటుంబంలో, కడుపుకు తేలికని పేరు తెచ్చుకున్న రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల కారణంగా 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఈ ముప్పు వాడకం మొదలైన తొలి వారాల్లోనే రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరించింది. కడుపుకు మంచిదన్నంత మాత్రాన గుండెకు మంచిదనుకోవద్దు.

ఇక మిగతావి:

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, వాడుతున్న మాత్రలన్నీ చూపించండి. నోటితో చెబితే ఒకటి మర్చిపోతారు.

గుండెకు వేసుకునే ఆస్పిరిన్ కూడా ఈ కుటుంబమే. పైగా ఐబుప్రోఫెన్ దాని పనికి అడ్డుపడుతుంది. అలాగని ఆస్పిరిన్ సొంతంగా ఆపకండి.

రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు, లిథియం, మెథోట్రెక్సేట్ వాడుతుంటే అడగకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో వద్దే వద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

గర్భిణులు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు, 20 వారాలు దాటాక మరీ.

గతంలో ఈ మాత్రతో ఆయాసం వచ్చిన ఆస్తమా వాళ్లు పేరు మార్చి మళ్లీ ప్రయత్నించొద్దు. రెండు పేర్లు, ఒకటే మందు!

కీటోరోలాక్ 5 రోజులు దాటకూడదు.

పేరులేని పొడులు, "అంతా మూలికలే" అని అమ్మే కీళ్ల మందులు వద్దు. లేబుల్‌పై లేని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇలాంటి సప్లిమెంట్లలో బయటపడ్డాయని 2022లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించండి, స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా మానడమూ ప్రమాదమే.

ఒక్క మోకాలే నొప్పి అయితే ముందు జెల్ అడగండి. డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలో చేరేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే.

పక్కింటివాళ్లకు పనిచేసిన మాత్ర మీది కాదు. మీది వాళ్లకివ్వకండి.

తారులా నల్లటి విరేచనం, కాఫీ పొడి రంగు వాంతి, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, ఛాతీ నొప్పి: ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది, నిజమే. ఆ తేడా తేల్చాల్సింది మీరు కాదు. నొప్పి మాత్రలు ఆపి, స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి, ఖాళీవి కూడా.