వెరిఫయర్ బగ్ సరిచేసే ముందు జాగ్రత్తలు

జనవరిలో ఎల్ఎల్‌వీఎమ్ (కంపైలర్లు కట్టే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు) రిలీజ్ బ్రాంచి, అంటే విడుదల కోసం వేరుచేసే కోడ్ శాఖ, విడిపోతుంది. ఐఆర్ (కంపైలర్ లోపలి మధ్యంతర కోడ్) నియమాల ప్రకారం ఉందో లేదో చూసేదే వెరిఫయర్. నెల్లూరు, ఒంగోలు నుంచి ప్యాచ్ పంపేవాళ్లు ఇవి చూసుకోండి.

– ఎర్రర్ వచ్చిందని వెరిఫయర్‌లో చెక్ తీసేయొద్దు. సోమశిలలో మట్టం ఎక్కువ చూపిస్తోందని కొలబద్ద పీకేస్తామా? ఐఆర్‌ను పాడుచేసిన పాస్ (ఐఆర్ మీద నడిచే ఒక దశ) సాధారణంగా వేరే ఉంటుంది. చెక్ పోతే ఆ తప్పు మెషిన్ కోడ్ దాకా చప్పుడు లేకుండా పోతుంది.

– ఆ పాస్ దొరకాలంటే ఆప్ట్‌కి (పాస్‌లను నడిపే టూల్) వెరిఫై-ఈచ్ ఆప్షన్ ఇవ్వండి. ప్రతి పాస్ తర్వాతా తనిఖీ జరుగుతుంది.

– స్విచ్‌లో 2 కేసులు ఒకే బ్లాక్‌కి (వరుసగా నడిచే కోడ్ ముక్క) దూకితే, అక్కడి ఫై నోడ్‌లో (ఏ బ్లాక్ నుంచి వచ్చామో దాన్నిబట్టి విలువ ఎంచేది) స్విచ్ ఉన్న బ్లాక్ 2 సార్లు, ఒకే విలువతో ఉండాలి. డూప్లికేట్ అనుకుని ఒకటి చెరిపేస్తే మళ్లీ ఎర్రరే.

– కొత్త చెక్ పెడితే పాత బిట్‌కోడ్ (ఫైలుగా దాచిన ఐఆర్) చదివించండి. ఆటో అప్‌గ్రేడ్ (పాత ఐఆర్‌ను కొత్త రూపంలోకి మార్చే కోడ్) రాయకపోతే నిన్నటి ఫైలు ఇవాళ తెరుచుకోదు.

– టెస్టులో తప్పు ఐఆర్‌తోపాటు ఒప్పు ఐఆర్ కూడా ఉండాలి.