బీపీ ఉన్నవాళ్లు ఫోన్లో ఫైలు పెట్టుకునే పద్ధతి

పర్లాకిమిడిలో చూపించుకుని, తగ్గకపోతే పాతపట్నం మీదుగా శ్రీకాకుళమో విశాఖో వెళ్లడం ఒడిశాలోని గజపతి జిల్లా తెలుగువాళ్లకు మామూలే. పాత చీటీ ఇంట్లో ఉండిపోతుంది, అక్కడ మళ్లీ అవే పరీక్షలు రాస్తారు. డబ్బూ దండగ, పూటా దండగ.

ముందు ఆభా (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకోండి. 14 అంకెలు, ఉచితం, ఏ రాష్ట్రంలోనైనా అదే. ఆభా యాప్‌లో ఆధార్ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే వస్తుంది. ఆధార్‌లో ఉన్న సిమ్ ఎప్పుడో పోయుంటే ఓటీపీ రాదు. ఆధార్ కేంద్రంలో ఫోన్ నంబరు మార్పించుకోవచ్చు. ఇది ఆయుష్మాన్ కార్డు కాదు. 5 లక్షల దాకా వైద్యం ఆ కార్డు మీద. ఆభా మీ కాగితాలను ఒక దారానికి గుచ్చుతుంది, అంతే.

పాత చీటీలను పగటి వెలుతురులో, నాలుగు మూలలూ తేదీ పడేలా ఫొటో తీసి ఎక్కించండి. మాత్రల అట్ట వెనకవైపు కూడా తీయండి. పూటలు ఒడియాలో రాసి ఉంటే అవతలి డాక్టరుకు అర్థం కాకపోవచ్చు. మందు పేరు, ఎన్ని ఎంజీ అన్నది అట్ట మీద ఉంటుంది. వేరే ఆస్పత్రి రికార్డులు అడిగితే అనుమతి కోరుతూ మీ ఫోన్‌కు సందేశం వస్తుంది. ఏవి, ఎన్నాళ్లు చూడనివ్వాలో మీరే ఎంచుకోవచ్చు.

ఇక బీపీ అంకెలు. తప్పుగా కొలిస్తే లేనిపోని మాత్ర నెత్తిన పడుతుంది. అరగంట ముందు నుంచి టీ, పొగాకు వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు తగిలేలా 5 నిమిషాలు కూర్చోండి. బీపీ మిషన్ పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన, చేయి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, ఉదయం మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, 7 రోజులు రాయండి. మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు చూడండి. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువే.

ఈ లెక్క చేతిలో ఉంచుకుని ఈ-సంజీవనిలో (ఫోన్‌లోనే డాక్టరుకు చూపించుకునే ప్రభుత్వ సేవ) డాక్టరుతో మాట్లాడండి. సిగ్నల్ అందకపోతే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడగండి. మీ అవస్థా దాచకండి. నీరు పోయే మాత్ర రాత్రి వేసుకుని నాలుగుసార్లు లేస్తుంటే, ఆ మాట చెబితేనే వేళ మార్చే వీలుంటుంది.

180/120 దాటి ఛాతీ నొప్పో, మాట తడబాటో ఉంటే యాప్ తెరవకుండా 108కి ఫోన్ చేయండి.