పంటి క్రౌన్‌ను (తొడుగును) ఫర్నేస్‌లో పెట్టే ముందు జాగ్రత్తలు

మిల్లింగ్ (మెషీన్‌తో చెక్కడం) నుంచి వచ్చిన లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్ క్రౌన్ సాధారణంగా నీలిరంగులో ఉంటుంది. నిజానికి అప్పటికది ఎక్కువగా లిథియం మెటాసిలికేట్, అంటే ఇంకా పూర్తి బలం రాని దశ. సుమారు 840 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్ఫటికాలు మారాకే పంటి రంగు, అసలు బలం వస్తాయి.

• అంచులు, పక్క పళ్ల కాంటాక్టులు ఇప్పుడే సరిచేయండి. గట్టిపడ్డాక రుద్దితే వేడికి సన్నటి పగుళ్లు రావచ్చు, అవి కంటికి కనిపించవు కూడా. సన్నరకం డైమండ్ బర్‌ను (వజ్రపు పొడి అద్దిన, తిరుగుతూ అరగదీసే చిన్న పనిముట్టు) తక్కువ వేగంతో, తేలిగ్గా ఆనించాలి.

• మాస్కు, కళ్లద్దాలు, డస్ట్ సక్షన్ తప్పనిసరి. "ఒక్క నిమిషం పనేగా" అనుకోవద్దు.

• స్టీమ్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లోపలి మూలల్లో మిల్లింగ్ ద్రవం దాక్కుంటుంది. వెలుతురులో తిప్పి చూడండి.

• క్రౌన్ లోపల ఫైరింగ్ పేస్ట్ (కాల్చేటప్పుడు క్రౌన్‌కు లోపలి నుంచి ఆసరా ఇచ్చే ముద్ద) ఖాళీ లేకుండా నింపండి. బయటివైపు ఏ కాస్త అంటినా ముందే తుడిచేయాలి, లేకపోతే కాలి అతుక్కుపోతుంది.

• మెటీరియల్ తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామే ఎంచుకోండి. వేడి ఎక్కువైతే అంచులు మెత్తబడి గుండ్రమవుతాయి, తక్కువైతే బలం రాదు. వాక్యూమ్ పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

• బయటికి తీశాక క్రౌన్ దానంతటదే చల్లారాలి. ఎంత తొందరున్నా నీళ్లలో ముంచొద్దు, గాలి ఊదొద్దు.